రాయగడలో ఇంటి చెక్కపనికి స్లైడింగ్ మైటర్ సా కొనాలా, మామూలుదా?

రాయగడ మాస్టారు:
అందరికీ నమస్కారం. ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది, 10×12 అడుగులు. ఆదివారాలు, సెలవు రోజులు అందులో చెక్కపని చేసుకుంటున్నాను. ఇప్పటిదాకా చేతి రంపం, చిత్రిక, ఉలులు, అంతే. ఒక పుస్తకాల అలమరా, నాలుగు స్టూళ్లు అయ్యాయి. దేవుడి పటాలకి ఫ్రేములు మొదలుపెడితే 45 డిగ్రీల కోత దగ్గర ఆగిపోయాను. 10 అంగుళాల బ్లేడున్న మైటర్ సా, అంటే కోణం తిప్పి చెక్క కోసే కరెంటు రంపం, కొందామని ఉంది. మామూలుదానికి దాదాపు రెట్టింపు చెప్తున్నారు స్లైడింగ్‌ది. నా దగ్గర టేకు పట్టీలున్నాయి, పాత ఇంటి గుగ్గిలం దూలాలు కోయించిన పలకలున్నాయి. పలకల వెడల్పు 8 నుంచి 10 అంగుళాలు. వాడినవాళ్లు చెప్పండి.

జయపురం కుర్రాడు:
స్లైడింగే తీసుకోండి సార్. మళ్లీ మళ్లీ కొనే వస్తువు కాదు.

పర్లాకిమిడి చెక్కపని:
స్లైడింగ్ వద్దు మాస్టారూ. దాంట్లో బ్లేడు, మోటారు ఉన్న తల ముందుకీ వెనక్కీ జరగాలంటే రాడ్లు, బేరింగులు ఉండాలి. చవక రకంలో కొన్నాళ్లకే అక్కడ వదులై ఆట వచ్చేస్తాది. కొట్లో తల పూర్తిగా ముందుకి లాగి, పిడి పట్టుకుని పక్కకి ఊపి చూడండి, మీకే తెలుస్తాది.

ఫ్రేముకి నాలుగు మూలలు, ఎనిమిది కోతలు. ఒక్కోదానికి అర డిగ్రీ చొప్పున ఒకే వైపు తేడా వచ్చిందనుకోండి, ఎనిమిదికీ కలిపి నాలుగు డిగ్రీలు. మూడు మూలలు బిగించేసి నాలుగోది కలపబోతే, రెండంగుళాల పట్టీలో ఒక కొస ఆనుతాది, రెండో కొస దగ్గర 5 మిల్లీమీటర్ల సందు. అది పుట్టీతో పూడేది కాదు.

మామూలుది తీసుకుని మిగిలిన డబ్బు బ్లేడుకి పెట్టండి. మెషీనుతో ఇచ్చేది 24 పళ్లదో 40 పళ్లదో అవుతాది. ఫ్రేములకి 60, సన్న బీడింగుకి 80 ఉండాలి.

రాయగడ మాస్టారు:
చాలా థాంక్స్ అండి. కానీ మామూలు 10 అంగుళాల మెషీనులో తిన్నగా కోస్తే ఐదున్నర అంగుళాలు తెగుతుంది, 45కి తిప్పితే నాలుగు లోపే. నా పలక సన్నదే 8 అంగుళాలు. దానికేం చెయ్యాలి?

పర్లాకిమిడి చెక్కపని:
సగం కోసి, పలక తిప్పి రెండో వైపు నుంచి కొయ్యండి.

రాయగడ మాస్టారు:
మధ్యలో మెట్టు పడుతుంది కదా.

పర్లాకిమిడి చెక్కపని:
ఫెన్సు, అంటే చెక్కని ఆనించే వెనక పట్టీ, మట్టానికి ఉంటే పడదు. పడిందంటే తేడా ఫెన్సులో ఉన్నట్టు, మూలమట్టం పెట్టి సరిచేసుకోవాలి. రెండు వైపుల నుంచి 11 అంగుళాల దాకా వస్తాది.

బరంపురం పెద్దాయన:
రైల్వే ఎలక్ట్రికల్‌లో 31 ఏళ్లు చేశాను. మీరంతా రాడ్ల దగ్గరే ఉన్నారు. షెడ్డుకి కరెంటు ఎలా తెస్తున్నారు మాస్టారూ? 1650 వాట్ల మోటారు 230 వోల్టుల దగ్గర ఏడు ఆంపియర్ల పైన లాగుతుంది. స్విచ్ నొక్కిన క్షణంలో దానికి కొన్ని రెట్లు. ఇంట్లోంచి 30 మీటర్లు 1 స్క్వేర్ ఎమ్‌ఎమ్ రాగి వైరు లాగితే, నడుస్తుండగానే ఎనిమిది వోల్టులు వైరులోనే పోతాయి. 2.5 వేస్తే మూడు, మూడున్నర. సాయంత్రం పూట అసలే వోల్టేజి పడిపోయే చోట్ల ఇది చిన్న విషయం కాదు. బ్లేడు చెక్కలో ఉండగా వేగం తగ్గితే మోటారు వేడెక్కుతుంది. 16 ఆంపియర్ల సాకెట్టు, ఎర్తు ఉన్నాయా?

గుణుపురం:
స్లైడింగ్‌కి వెనక రాడ్లు పోవడానికి ఇంకో అడుగు జాగా కావాలి. గోడకి ఆనించి పెట్టలేరు. ఎవరూ చెప్పలేదని చెప్తున్నా.

జయపురం కుర్రాడు:
రాడ్లు కదలని మోడల్స్ వస్తున్నాయి.

గుణుపురం:
వాటి ధర కూడా చెప్పండి మరి.

రాయగడ మాస్టారు:
పర్లాకిమిడి గారూ, పలక తిప్పి కొయ్యమన్నారు. పదేసి పలకలు రెండేసి సార్లు తిప్పుతూ కూచోవడానికేనా మెషీను? తిన్నగా అడుగు వెడల్పు దాకా స్లైడింగ్ తీసుకుంటుంది. మీరు అది వాడి చెప్తున్నారా, విని చెప్తున్నారా?

పర్లాకిమిడి చెక్కపని:
వాడే చెప్తున్నాను. 22 ఏళ్లుగా ఇదే నా అన్నం. స్లైడింగ్‌లో తల ముందు మీ వైపు లాగి, కిందికి దించి, అవతలికి తోస్తూ కొయ్యాలి. కొత్తవాళ్లు తిరుగుతున్న బ్లేడుని తమ వైపు లాగుతూ కోస్తారు. అప్పుడది చెక్క మీదికెక్కి మీ మీదికి వస్తాది. అందుకే దానికి పళ్లు వెనక్కి వాలిన బ్లేడు వెయ్యాలి. ఇవేవీ తెలీకుండా స్లైడింగ్ ఎందుకండీ మీకు? పటాల ఫ్రేముకి ఒక మిస్త్రీని పిలిస్తే అరపూట పని.

రాయగడ మాస్టారు:
మిస్త్రీని పిలిచే ఈ దారికి వచ్చాను. వంటింటి అరలకి అడ్వాన్సు తీసుకుని ఏడు నెలలు తిప్పాడు. ఫోన్ చేస్తే రేపు, ఎల్లుండి. చివరికి తెచ్చిన అరల మూలల్లో మూడు మిల్లీమీటర్ల సందు, దాన్ని పుట్టీతో కప్పి రంగేశాడు. మొదటి వానాకాలానికే పుట్టీ రాలిపోయింది. మా ఆవిడ రోజూ దాన్ని చూస్తూ వంట చేస్తుంది.

పర్లాకిమిడి చెక్కపని:
ఒకడు చేసినదానికి అందరినీ ఒకే గాటన కట్టేస్తే ఎలాగండీ. నాదీ వినండి.

మా తమ్ముడు ఒక వర్క్‌షాపులో మైటర్ మీద ఉండేవాడు. పని జోరుగా సాగాలని ఓనరు బ్లేడుని కప్పే గార్డుని తీగతో పైకి కట్టించేశాడు. ఆ రోజు వంకర పట్టీ వచ్చింది. ఉబ్బు వైపు ఫెన్సుకి ఆనించాలి, వీడు బోలు వైపు పెట్టాడు. కోత పడే చోట చెక్క వెనక ఖాళీ. తెగుతుండగా చెక్క వెనక్కి జారి బ్లేడుని నొక్కేసింది. పట్టీ ఎగిరింది, దాంతో పాటు ఎడం చెయ్యి లోపలికి పోయింది. రెండు వేళ్లు. వాడు ఇప్పుడు కిరాణా కొట్లో తూకం వేస్తున్నాడు. మెషీను సరదా వస్తువు కాదు మాస్టారూ.

గుణుపురం:
దేవుడా.

బరంపురం నర్సు:
నేనొక మాట చెప్తాను. చెక్క పొడి మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే మొదటి వర్గంలో పెట్టింది. మెషీను వెనకున్న సంచి పొడినంతా పట్టదు. రేకుల షెడ్డు తలుపు తీసి ఉంచండి, మాస్కు లేకుండా స్విచ్ నొక్కకండి.

రాయగడ మాస్టారు:
మీ తమ్ముడికి జరిగినది చదివి చాలా బాధపడ్డాను. కానీ ఆ గార్డు కట్టించినది ఓనరు. నేను కట్టను. బ్లేడు ఆగేదాకా తల పైకెత్తను, చెయ్యి జానెడు దూరంలో పెడతాను, చిన్న ముక్కలకి బిగింపు వేస్తాను. ఇంకేం నేర్చుకోవాలో చెప్పండి, నేర్చుకుంటాను. మీరు మాత్రం నన్ను కొనొద్దంటున్నారు. ఎందుకో సూటిగా చెప్పండి.

పర్లాకిమిడి చెక్కపని:
చెప్తాను. మొన్న ఒకాయన నన్ను ఇంటికి పిలిచి అలమరా కొలతలన్నీ రాయించుకున్నాడు. చెక్క ఎంత, కూలీ ఎంత, లెక్కంతా వేయించుకున్నాడు. టీ ఇచ్చి పంపించాడు. తర్వాత మెషీను కొనుక్కుని తనే చేసుకున్నాడు. తలుపులు వాలిపోతే మళ్లీ నన్నే పిలిచి, సరిచేస్తే రెండు గంటల కూలీ ఇస్తానన్నాడు. మీకు నెల తిరిగితే జీతం పడుతుంది. సరదాగా చేసి పక్కింటికి ఊరికే ఇచ్చేస్తారు. ఆ పక్కింటాయన ఇంక నాకు డబ్బులిచ్చి చేయించుకుంటాడా? పన్నెండేళ్లప్పుడు చిత్రిక పట్టాను నేను. నాకు స్లైడింగో ఇంకోటో కాదు బాధ.

రాయగడ మాస్టారు:
పక్కింటికి రెండు ఫ్రేములు ఊరికే ఇచ్చిన మాట నిజం. దాని వల్ల ఎవరికో పని పోతుందన్న ఊహ రాలేదు నాకు. ఇకమీదట అడిగినవాళ్లకి మిస్త్రీ పేరే చెప్తాను.

కానీ ఆ దూలాలు మా నాన్న పార్వతీపురం దగ్గర కట్టించిన ఇంటివి. ఇల్లు పడగొట్టిన రోజున లారీ మాట్లాడి నేనే తెచ్చుకున్నాను. వాటితో చేసేది నా చేత్తోనే చేసుకోవాలని ఉంది. దీనికి మాత్రం మిస్త్రీని పిలవలేను, క్షమించండి.

పర్లాకిమిడి చెక్కపని:
పాత ఇంటి దూలాలైతే మేకులు తీయించారా? సామిల్లులో కోసినప్పుడు బ్లేడుకి తగిలినవే బయటపడతాయి. మిగిలినవి పలకలోనే ఉండిపోతాయి. ఒక్క మేకు తగిలితే పన్ను ఊడి కంటికే వస్తాది. గట్టి అయస్కాంతం తీసుకుని పలక పొడవునా తిప్పండి. నల్లటి మరక ఉన్న చోట మరీ చూడండి, గుగ్గిలంలో ఇనుము ఉన్న చోటు నల్లబడతాది.

బరంపురం పెద్దాయన:
వైరు ఎంతదో ఇంకా చెప్పలేదు మాస్టారూ.

రాయగడ మాస్టారు:
1 స్క్వేర్ ఎమ్‌ఎమ్‌దే ఉంది పెద్దాయనా. తీసేసి 2.5 లాగిస్తున్నాను, 16 ఆంపియర్ల సాకెట్టు, ఎర్తుతో సహా.

పర్లాకిమిడి గారూ, నిన్న రాత్రి అయస్కాంతం తిప్పాను. మొదటి పలకలోనే పదకొండు మేకులు. రెండింటికి తలలు విరిగిపోయి చెక్క లోపలే ఉండిపోయాయి, చుట్టూ ఉలితో తొలుస్తున్నాను. ఒక మేకు గుండ్రంగా కాక నలుచదరంగా ఉంది, కమ్మరి చేసినది. అది దాచుకున్నాను. పలకలు చేతి రంపంతోనే కోస్తాను. పట్టీలకి వచ్చే నెల మామూలు మెషీనే కొంటున్నాను, 60 పళ్ల బ్లేడుతో.