చీకటి పడుతుందని కంప్యూటర్ క్లాసు మానేస్తున్న ఆడపిల్లలు: ఏ టైమ్ పెట్టాలి?

మాది పల్నాడు జిల్లాలో మిరప పండించే ఊరు. హైస్కూల్లో 8, 9 తరగతుల పిల్లలకి సాయంత్రం 5 నుంచి 6:30 దాకా ఉచితంగా కంప్యూటర్ నేర్పిస్తున్నాను. ఉన్నవి 6 సిస్టమ్‌లు, అన్నిట్లో ఉన్నది ఉబుంటువే (విండోస్ లాంటిదే, కానీ ఉచితం). జూలైలో 12 మంది ఆడపిల్లలు చేరారు. ఇప్పుడు వచ్చేది ముగ్గురు.

మొదట్లో మగపిల్లలు మౌస్ వదిలేవాళ్లు కాదు. అందుకని సోమ, బుధ, శుక్రవారాలు ఆడపిల్లలకే ఇచ్చాను. అది బాగా పనిచేసింది. తెలుగు టైపింగ్ కూడా పట్టేశారు. ఒకమ్మాయైతే వాళ్ల నాన్న పోయిన సీజన్ మిరప టిక్కీల (బస్తాల) లెక్కంతా కంప్యూటర్‌లో స్ప్రెడ్‌షీట్‌లో వేసి చూపించింది, కూడికతో సహా.

నవంబరు వచ్చి ఆరింటికే చీకటి పడేసరికి మళ్లీ మానేశారు. పక్క ఊరి పిల్లలకి చివరి ఆటో 5:15కే. ఆదివారం పెట్టి చూశాను, ఇంటిపని, చేలో పని అన్నారు. పొద్దున 7:30కి పెడితే కరెంటు ఉండట్లేదు, యూపీఎస్ పది నిమిషాలు కూడా ఆగదు. "నేర్పించండి సార్, చీకటి పడకముందే పంపేయండి" అంటున్నారు తల్లులు. వాళ్లది తప్పని ఎలా అంటాను?

ఇక మిగిలింది మధ్యాహ్న భోజన విరామంలో 25 నిమిషాలు. పల్లెల్లో ఇలా నేర్పినవాళ్లు చెప్పండి: ఒక్కో సిస్టమ్‌కి ఇద్దరేసి కూర్చుంటే, రోజుకి ఆ 25 నిమిషాల్లో పిల్లలకి నిజంగా ఏమైనా వస్తుందా?