ఆరోగ్యానికని 3 లక్షలు ఇస్తామంటున్నారు, మా బస్తీలో ముందు ఏం చేయాలి?

కుట్టుమిషన్ అడుగుతున్నారు:

అందరికీ నమస్తే. మాది హైదరాబాద్‌లో నాలా పక్కన ఉన్న చిన్న బస్తీ. మొత్తం 64 ఇళ్ళు. నేను బ్లౌజులు కుడతాను, మా పొదుపు గ్రూపుకు లీడర్‌ని కూడా. ఒక కంపెనీ వాళ్ళు సీఎస్ఆర్ (కంపెనీలు సమాజ సేవకు ఇచ్చే డబ్బు) కింద 3 లక్షలు ఇస్తామన్నారు. ఆరోగ్యానికే వాడాలట, పక్కన వాళ్ళ బోర్డు పెట్టాలట.

పోయిన ఆదివారం మీటింగ్ పెడితే తలా ఒక మాట. కుర్రాళ్ళు ఓపెన్ జిమ్ అన్నారు. పెద్దవాళ్ళకు కమ్యూనిటీ హాల్ కావాలి. కంపెనీ నుంచి వచ్చినాయన నీళ్ళ ప్లాంటు పెడదాం, 20 లీటర్ల క్యాన్ 5 రూపాయలకు ఇద్దాం అంటాడు. నాకేమో మోరీలు బాగుచేయిస్తే చాలనిపిస్తుంది. కానీ మోరీ ముందు నిలబడి ఫొటో దిగమంటే ఆయన దిగుతాడా?

మాకు ప్రతి వానాకాలం వాంతులు, విరేచనాలు మామూలే. మొన్న జూలైలో మా చిన్నోడికి రాత్రి రెండింటికి మొదలైంది. తెల్లారేసరికి కళ్ళు లోపలికి పోయాయి. ఏడుస్తున్నాడు కానీ కన్నీళ్ళు రావట్లేదు. ఆటోలో ప్రైవేటుకు తీసుకుపోతే మూడు రోజులకు 18 వేలు. పీకో మిషన్ కొందామని గ్రూపులో తీసుకున్న లోను అది. మిషన్ రాలేదు, కిస్తీలు మాత్రం కడుతున్నాను.

ఇలాంటి పనులు చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాత లైన్‌మన్:

అమ్మా, నేను ముప్పై ఏళ్ళు నీళ్ళ లైన్ల మీద పనిచేసి రిటైరయ్యాను. ప్లాంటు సంగతి తర్వాత. ముందు రెండు మాటలు చెప్పు. మీకు నల్లా రోజు విడిచి రోజు వస్తుందా? వదిలిన మొదటి ఐదు నిమిషాలు నీళ్ళు మట్టిగానో వాసనగానో వచ్చి తర్వాత తేటపడతాయా? రెండూ అవునంటే ముందు అనుమానించాల్సింది నాలాను కాదు, మీ నల్లా పైపును.

నీళ్ళు వదిలినంతసేపు పైపులో ప్రెషర్ ఉంటుంది. చిల్లు ఉంటే నీళ్ళు బయటికి కారతాయి, అంతే. బంద్ చేశాక పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు అదే చిల్లులోంచి చుట్టూ ఉన్న మురుగు లోపలికి దిగుతుంది. మళ్ళీ వదిలినప్పుడు మొదటి బిందెలో పడేది అదే. బస్తీల్లో ఇంటింటికీ లాగిన సన్న ఇనప పైపులు చాలాచోట్ల మోరీలోంచే పోతాయి, అక్కడైతే తవ్వే పని ఉండదు కదా. మురుగులో నాని నాని చేత్తో పట్టుకుంటే బిస్కెట్‌లా విరిగిన పైపులు నేను ఎన్నో చూశాను. పైగా కొందరు నల్లాకు నేరుగా మోటర్ బిగిస్తారు. అది లైన్‌లో నీళ్ళతో పాటు చిల్లు పక్కనున్న మోరీని కూడా లాగుతుంది. మోటర్ పెట్టినవాళ్ళ డ్రమ్ములు నిండుతాయి, పక్కింటి పిల్లకు విరేచనాలు పట్టుకుంటాయి.

ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందు ఒక పని చేయండి. తెల్ల చార్టు మీద మీ 64 ఇళ్ళూ గీయండి. ఈ వానాకాలం ఎవరింట్లో విరేచనాలయ్యాయో అక్కడ ఎర్ర చుక్క పెట్టండి, నెల రాయండి. తర్వాత నీళ్ళలో క్రిములను చంపే క్లోరిన్ ఉందో లేదో చూసే ఓటీ టెస్ట్ కిట్ తెచ్చుకోండి, పెద్ద ఖరీదేం కాదు. చిన్న గొట్టంలో గీత దాకా నల్లా నీళ్ళు పట్టి, కిట్ సీసాలోని మందు చుక్కలు అందులో వేస్తే పసుపు రంగు వస్తుంది. ఆ పసుపే క్లోరిన్. నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని లెక్క. నీళ్ళు వదిలినరోజే గల్లీ మొదట్లో ఒక ఇంట్లో, మధ్యలో ఒక ఇంట్లో, చివర ఒక ఇంట్లో చూడండి. మొదట్లో పసుపు వచ్చి చివర తెల్లగానే ఉండిపోతే ఆ మధ్యలోనే ఎక్కడో మురుగు కలుస్తోంది. క్లోరిన్ అంతా దాన్ని చంపడానికే అయిపోతోంది.

ఆ చార్టు పట్టుకుని పదిమంది ఆడవాళ్ళు నీళ్ళ ఆఫీసుకు వెళ్ళండి. "నీళ్ళు బాలేవు సార్" అంటే చూద్దాం అంటారు. ఫలానా ఇంటికీ ఫలానా ఇంటికీ మధ్య అని వేలు పెట్టి చూపిస్తే తవ్వక తప్పదు, మేమూ అలాగే కదిలేవాళ్ళం (నిజం చెప్పడానికి ఇప్పుడు భయమేముంది, పెన్షన్ వస్తోంది). పైపు మార్చేటప్పుడు ఇనప పైపు మళ్ళీ వేయనివ్వకండి. ఎండీపీఈ అని నీలం ప్లాస్టిక్ పైపు ఉంటుంది, అది అడగండి. మోరీలోంచి కాకుండా గోడవారగా పోవాలి.

ఇంకొకటి. బస్తీవాళ్ళను కూడగట్టి పని చేయించడం ఈ ఊరికి కొత్త కాదు. హైదరాబాద్ కార్పొరేషన్‌లో అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అని 1967లోనే మొదలుపెట్టారు. మీ గ్రూపు లోన్ల కాగితాల కోసం తిరిగే యూసీడీ సెక్షన్ దాని కొనసాగింపే. అక్కడి కమ్యూనిటీ ఆర్గనైజర్‌ను లోన్లకే కాదు, దీనికీ పిలవండి.

కొండమెట్లు, వైజాగ్:

అక్కా, ప్లాంటు మాత్రం వద్దు. మా వీధిలో పెట్టారు. రిబ్బన్ కట్ చేసిన ఏడాదికి నీళ్ళు వడకట్టే మెంబ్రేన్ పోయింది, మార్చే డబ్బు ఎవరిదో తేలలేదు. ఇప్పుడా గదిలో వినాయక చవితి సామాను పెడుతున్నాం. అది నడిచిన రోజుల్లో కూడా క్యాన్ నీళ్ళు పెద్దవాళ్ళు తాగేవారు, పిల్లలు ఆడుకుంటూ కుళాయి దగ్గరే దోసిలి పట్టేవారు. కంచాలు కడిగేదీ, ఉల్లిపాయలు కడిగేదీ కుళాయి నీళ్ళతోనే కదా.

ఏఎన్ఎం సిస్టర్:

పైన చెప్పిన చార్టు ఐడియా చాలా బాగుంది. మీ బస్తీలో మహిళా ఆరోగ్య సమితి ఉందేమో ఆశా వర్కర్‌ను అడగండి. 50 నుంచి 100 ఇళ్ళకు ఒకటి ఉండాలి, 64 ఇళ్ళంటే మీకు సరిగ్గా సరిపోతుంది. సమితికి ఏడాదికి 5,000 రూపాయలు అన్‌టైడ్ ఫండ్ అని, అంటే అవసరాన్ని బట్టి వాడుకునే డబ్బు, ఉంటుంది. ఓటీ కిట్లు, బ్లీచింగ్ దానిలోంచే కొనొచ్చు. ఈ డబ్బు చాలాచోట్ల అడిగేవాళ్ళు లేక మిగిలిపోతుంది.

పైపు మారేలోపు నీళ్ళు కాచి తాగండి. బాబు సంగతి చదివాక చెప్పకుండా ఉండలేకపోతున్నాను. కన్నీళ్ళు ఆగేదాకా చూడొద్దు. మొదటి విరేచనానికే ఓఆర్ఎస్ మొదలుపెట్టాలి. పెద్ద ప్యాకెట్టయితే లీటరు నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ చెంచాతో పట్టండి. దాంతో పాటు జింక్ 14 రోజులు, విరేచనాలు తగ్గినా ఆపకూడదు. రెండూ బస్తీ దవాఖానాలో ఉచితం. కిరాణా షాపులో దొరికే తియ్యటి డబ్బా జ్యూసులు ఓఆర్ఎస్ కాదు. వాటి పేర్లలో ఆ మాటే వాడొద్దని 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పింది. దానికోసం ఏళ్ళ తరబడి కొట్లాడింది మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారే.

కుట్టుమిషన్:

అందరికీ థ్యాంక్స్. ఆదివారం చార్టు గీశాం. బ్లౌజులకు వాడే మార్కింగ్ చాక్‌తో ముందు నేల మీద గీసి, తర్వాత కాగితం మీదికి ఎక్కించాం. 23 ఇళ్ళకు ఎర్ర చుక్కలు పడ్డాయి. అందులో 19 వెనక గల్లీలోనే. నాలా పక్కనున్న ముందు వరసలో నాలుగే! ఇన్నేళ్ళూ నాలా వల్లే అనుకున్నాం.

మంగళవారం నల్లా వచ్చినప్పుడు టెస్ట్ చేశాం. గల్లీ మొదట్లో పసుపు బాగానే వచ్చింది. మా ఇంటి దగ్గర లేత పసుపు. మా తర్వాత మూడో ఇంటి నుంచి చివరిదాకా ఏమీ రాలేదు. కంపెనీ ఆయన్ని పిలిచి చార్టు చూపించాం. పైపులకు, మోరీ మీద మూతలకు ఇస్తామన్నాడు. బోర్డు ఎక్కడ పెట్టాలన్నదే ఆయనకిప్పుడు టెన్షన్.

లైన్‌మన్ అంకుల్, ఒకటి రాయకుండా దాచాను. నల్లాకు మోటర్ పెట్టిన ఇళ్ళు ఏడు, అందులో మాదొకటి. మీ పోస్టు చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. మా అత్తమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు కానీ, బుధవారం మోటర్ తీసేశాం. మాది చూసి ఇంకో ఇద్దరు తీశారు. మిగిలిన నలుగురూ "పైపు వేశాక చూద్దాం" అంటున్నారు. నిన్న నల్లా వచ్చినప్పుడు టైం చూశాను. ఇదివరకు రెండు నిమిషాల్లో నిండే బిందెకు ఇప్పుడు పదకొండు నిమిషాలు పడుతోంది. ఆ నలుగురితో మాట్లాడటం ఎలాగో ఎవరైనా చెప్పండి.