1770ల నాటి విగ్గు: జుట్టు ఉంగరాలు రెండు రోజులకే సాగిపోతున్నాయి

అమెరికాలోని వర్జీనియాలో ఉన్న విలియమ్స్‌బర్గ్ అనే ఊళ్లో 1770ల నాటి విగ్గుల పనివాళ్లు అనుసరించిన పద్ధతిలో, మనిషి జుట్టుతో ఒక విగ్గు చేస్తున్నాను. అప్పట్లో జుట్టును మట్టి గొట్టాలకు చుట్టి, ఉడికించి, ఆరబెట్టి, పిండిముద్దలో పెట్టి కాల్చేవాళ్లు. నేనూ అంతే చేశాను. 3 గంటలు ఉడికించి, రాత్రంతా ఆరబెట్టి, కాగితం చుట్టి, గోధుమపిండిలో పొదిగి, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచాను.

పిండి పగలగొట్టగానే ఉంగరాలు స్ప్రింగుల్లా గట్టిగా ఉన్నాయి. వేడి మీదే గొట్టాలు లాగేశాను. ఆ జుట్టును 3 పట్టుదారాల మీద అల్లడం మొదలుపెట్టిన రెండో రోజుకే కొసలు తప్ప అంతా సాగిపోయింది. మరోసారి 4 గంటలు ఉడికించినా అదే తంతు. చెవుల పక్కన ఉంగరాల వరుసలు నిలవకపోతే విగ్గుకి అందమే లేదు, అందుకే వదలబుద్ధి కావడం లేదు.

ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి: జుట్టు పూర్తిగా చల్లారాకే గొట్టాలు తీయాలా?