అప్‌డేట్: దాడులు మూకుమ్మడిగా తప్పడానికి కారణం దొరికింది

నెల కిందట నేను అడిగిన ప్రశ్న ఇది: పాచికలతో ఆడే సాహస ఆట డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్ పోరాట నియమాలతో రాస్తున్న చిన్న గేములో దాడులన్నీ ఒకేసారి ఎందుకు గురి తప్పుతున్నాయి? సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఈ నియమాల్లో పాచికపై పడిన అంకెకు దాడి బోనస్ కలిపితే ఎదుటివారి కవచం విలువను చేరాలి, అలా చేరితే దెబ్బ తగులుతుంది. కవచం విలువ 15, దాడి బోనస్ 5 అయితే ఇరవై ముఖాల పాచికపై 10 గానీ అంతకు మించి గానీ పడితే చాలు. అంటే 55 శాతం. వరుసగా మూడు తప్పే అవకాశం 9 శాతమే. నా గేములో మాత్రం ముగ్గురు గోబ్లిన్లు కొడితే ముగ్గురికీ ఒకే అంకె! "పాచిక వేసిన ప్రతిసారీ సీడ్ కొత్తగా ఇస్తున్నారా?" అని ఒకరు అడిగారు. సీడ్ అంటే కంప్యూటర్ యాదృచ్ఛిక అంకెలను లెక్కగట్టడం మొదలుపెట్టే సంఖ్య; అది ఒకటే అయితే వచ్చే అంకెలూ అవే. దోషం సరిగ్గా అక్కడే ఉంది. గడియారంలోని సెకన్లనే సీడ్‌గా ఇస్తున్నాను కాబట్టి ఒకే సెకనులో జరిగిన దాడులన్నిటికీ ఒకే ఫలితం వచ్చేది. బల్ల చుట్టూ కూర్చుని చేత్తో పాచిక విసిరేవాళ్లకు ఈ తిప్పలు లేవు. గేము మొదలైనప్పుడు ఒక్కసారే సీడ్ ఇచ్చాను, కుదిరింది.

కవచం విలువ తగ్గించడం, రెండు పది ముఖాల పాచికలు వాడటం అన్న సలహాలు ఈ సమస్యకు సంబంధం లేనివి. రెండు వారాలు వాటికే పోయాయి. బాల్డర్స్ గేట్ 3 అనే వీడియో గేములో వరుస వైఫల్యాలు రాకుండా చూసే కార్మిక్ డైస్ లాంటి సర్దుబాటూ అవసరం పడలేదు. దాడికి ముందే దెబ్బ తగిలే అవకాశ శాతాన్ని తెరపై చూపమన్న సలహాను మాత్రం ఉంచుకున్నాను.