బరంపురంలో సల్సా, లాటిన్ జాజ్ వాయించే బృందానికి శ్రోతలు ఎలా అండగా నిలవాలి?

ప్రశ్న: బరంపురం నుండి ఒక శ్రోత

అందరికీ నమస్కారం. మా ఊళ్ళో కొందరు యువతీయువకులు కలిసి సల్సా (క్యూబా లయల మీద నిలిచిన నృత్య సంగీతం), లాటిన్ జాజ్ (ఆ లయలను జాజ్‌తో కలిపినది) వాయించే చిన్న బృందాన్ని నడుపుతున్నారు. ట్రంపెట్ వాయించే అబ్బాయి పెళ్ళిళ్ళ బ్యాండు మేళంలో పెరిగినవాడు. కీబోర్డు, బేస్ గిటారు వాయించేవారు పండుగ రోజుల్లో సినిమా పాటలు వాయించే మెలోడీ బృందాలతో గంజాం జిల్లా అంతా తిరిగేవారు. కొంగా అనే పొడవాటి చేతి మద్దెల వాయించే అమ్మాయి చిన్నప్పుడు తబలా నేర్చుకొని, ఆ చేతినే ఈ వాద్యానికి మళ్ళించుకుంది. పాత సినిమా పాటల మధ్య వినిపించే బొంగోల మోత తప్ప ఈ సంగీతం గురించి ఏమీ ఎరుగని నాబోటివారు కూడా, కీబోర్డు ఒకే చిన్న వరుసను పట్టుకొని తిరుగుతుండగా ట్రంపెట్ దానిమీదుగా పైకి లేచే చోట కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నారు.

అయితే ఈ బృందం ఎంతకాలం నిలుస్తుందోనన్న బెంగ నాకు పట్టుకుంది. హాలు అద్దె, సౌండు వారి కిరాయి వాళ్ళే చేతినుండి పెట్టుకుంటున్నారు. వచ్చినవారు మెచ్చుకుంటారు, ఫోనులో వీడియో తీసుకుంటారు, వెళ్ళిపోతారు. మెలోడీల బయానాలు మొదలుకాగానే ఇక్కడి సాధన ఆగిపోతుంది. మరోపక్క ఇదే నగరంలో సల్సా నేర్పే నృత్య తరగతులు ఉన్నాయి. అక్కడివారు స్పీకరులోంచి వచ్చే పాటకు అడుగులు వేస్తున్నారే తప్ప, ఆ సంగీతాన్ని వాయించేవారు తమ ఊళ్ళోనే ఉన్నారన్న సంగతి వారిలో చాలామందికి తెలియదు.

మన కళలకే ఆదరణ లేనప్పుడు ఈ విదేశీ సంగీతం ఎందుకని పెద్దలు అడుగుతున్నారు. వారికి ఏమని చెప్పాలి? చందా పోగుచేయడం, టిక్కెట్టు పెట్టడం, అధికారులకు అర్జీ ఇవ్వడం, వీటిలో దేనితో మొదలుపెట్టాలి? అనుభవమున్నవారు తెలియజేయగలరు.

జవాబు: రాయగడ నుండి ఒక నృత్య శిక్షకురాలు

మీ ప్రశ్నలోనే జవాబు ఉందండీ. వాయించేవారు ఒకచోట, ఆడేవారు మరోచోట ఉన్నంతకాలం ఎంత చందా పోగుచేసినా అది కొన్నాళ్ళే నిలుస్తుంది. ఈ సంగీతం నృత్యశాలల్లో పెరిగింది. న్యూయార్కులో బ్రాడ్‌వే, 53వ వీధి కూడలి దగ్గర పల్లాడియం అనే నృత్యశాల ఉండేది. 1940లలో మొదలైన మచీటో బృందం, టీటో ప్వెంటే, టీటో రోద్రీగెస్‌ల బృందాలు అక్కడ పోటాపోటీగా వాయించేవి. బుధవారం నాడు నృత్య పాఠం, పోటీలు, వాద్యబృందం అన్నీ ఒకే కప్పు కింద జరిగేవి. పాఠం నేర్చుకున్నవాడే ఆ రాత్రి టిక్కెట్టు కొన్న శ్రోత అయ్యేవాడు. బృందాన్ని బతికించినది ఆ ఏర్పాటే.

కాబట్టి ముందుగా మీ ఊరి నృత్య శిక్షకులను, వాద్యకారులను ఒకచోట కూర్చోబెట్టండి. నెలకొక తరగతి తప్పనిసరిగా ఈ బృందం వాయిద్యంతోనే జరగాలని, విద్యార్థుల రుసుములో కొంత భాగం ఆ రోజు వాద్యకారులకు చేరాలని ఒప్పించండి. ఇందులో ఇరువైపులా సర్దుకోవలసినవి ఉన్నాయి. ఆడేవారు ఎనిమిది లెక్కల్లో 1, 2, 3, 5, 6, 7 మీద అడుగు వేసి, 4, 8 దగ్గర నిలుస్తారు. లయ నిమిషానికి సుమారు 160 నుండి 220 దెబ్బల మధ్య ఉంటే మామూలు విద్యార్థి హాయిగా ఆడగలడు. జాజ్ వాయించేవారికి ఒక్కొక్కరు విడిగా వాయించే ఘట్టాలంటే మహా ఇష్టం కనుక పాట పది నిమిషాలు దాటిపోతుంది, ఈలోగా జతలు అలసిపోతాయి. నృత్యానికి వాయించేటప్పుడు నాలుగైదు నిమిషాల్లో ముగించి, విడి వాయిద్యాలను విరామం తరువాత కూర్చొని వినే భాగానికి దాచుకోవడం మంచిది. శిక్షకులు కూడా విద్యార్థుల చేత స్పీకరు పాటకు కాక, కొంగా చేతి దెబ్బకు అడుగు వేయించాలి. అక్కడ లయ యంత్రంలా ఒకేతీరుగా నడవదు. ఆ చిన్న తేడాను కాలు పట్టుకున్న రోజున విద్యార్థి మొహంలో వచ్చే వెలుగును నేను ఎన్నోసార్లు చూశాను.

జవాబు: పర్లాకిమిడి నుండి ఒక మృదంగ ఉపాధ్యాయుడు

పెద్దల అభ్యంతరాన్ని గౌరవంగా వినవలసిందే, ఎందుకంటే వారి బాధ నిజమైనది. కాని ఈ సంగీతం ధనవంతుల విలాసంగా పుట్టలేదని వారికి చెప్పండి. ఆఫ్రికా నుండి బానిసలుగా క్యూబాకు తరలించబడినవారి మద్దెలల నుండి, ఓడరేవు కూలీల చేతుల నుండి దాని లయలు వచ్చాయి. మద్దెల దొరకని చోట సరుకుల చెక్కపెట్టెలనే తిరగేసి వాయించారు. ఆ మద్దెలల, పెట్టెల లయలతో సాగే క్యూబా పాట, నృత్యం అయిన రుంబాను 2016లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఠాకురాణి యాత్రలో పులి వేషాన్ని చూసిన బరంపురం వారికి నృత్యం, వాయిద్యం వేరుకావని ఎవరూ నేర్పనక్కరలేదు. డప్పు ఆగితే పులి ఆగిపోతుంది. పైగా ఈ బృందంలో ఉన్నది మన బ్యాండు మేళం పిల్లవాడూ, మన తబలా పిల్లా. వారికి దొరికే కూలి మన కళాకారుల కూలే అవుతుంది.

శ్రోతలను తయారుచేయడానికి ఒక మార్గం చెబుతాను. ప్రతి కార్యక్రమానికి ముందు పది నిమిషాలు క్లావే వివరించండి. రెండు కర్రముక్కలతో వాయించే ఈ ఐదు దెబ్బల వరుస మీదనే బృందమంతా నిలబడి ఉంటుంది. ఆది తాళంలోని ఎనిమిది అక్షరాలను రెండేసిగా విడదీస్తే పదహారు మాత్రలు వస్తాయి. సోన్ అనే క్యూబా పాటల బాణీలో వాడే సోన్ క్లావే దెబ్బలు వాటిలో 1, 4, 7, 11, 13 స్థానాల్లో పడతాయి. అంటే మూడు, మూడు, నాలుగు, రెండు, నాలుగు అన్నమాట. రుంబా క్లావేలో మూడవ దెబ్బ మాత్రం 7 నుండి 8కి జరుగుతుంది. నేను నా శిష్యుల చేత ఒక చేత్తో తాళం వేయిస్తూ, రెండవ చేత్తో ఈ ఐదు దెబ్బలు వేయిస్తాను. మొదట 7 దగ్గర చేయి తడబడుతుంది, 11 దగ్గర తొందరపడుతుంది, తరువాత ఒక్కసారిగా కుదురుకుంటుంది. అలా కుదిరిన శ్రోత పాటలోని మెలికలను తానే గుర్తుపట్టి చప్పట్లు కొడతాడు, మరుసటి నెలకు ఇంకొకరిని వెంటబెట్టుకొని వస్తాడు. సంగీత పాఠశాలల విద్యార్థులను ఈ పది నిమిషాలకు తప్పక పిలవండి.

మరొక మాట. మీకు సముద్రం దగ్గర. చర్మం బిగించిన కొంగాలు తేమకు శ్రుతి జారతాయి కనుక వాయించిన తరువాత మరలు వదులు చేసి ఉంచమనండి. చందా డబ్బుతో ఏదైనా కొనదలిస్తే ముందుగా మంచి మూతలు కొనివ్వండి.

జవాబు: జయపురం నుండి ఒక కార్యక్రమ నిర్వాహకుడు

డబ్బు సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఇటువంటి బృందాలు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. ప్రవేశం ఉచితమని ప్రకటించకండి. ఉచితమంటే హాలు నిండవచ్చును గాని, వాద్యకారుడికి డబ్బు ఇవ్వాలన్న ఆలోచన ఆ జనానికి ఎన్నటికీ అలవాటు కాదు. చిన్న మొత్తమైనా సరే, ఆరు నెలలకు ముందుగానే చందా తీసుకోండి. యాభై కుటుంబాలు ముందుగా చెల్లిస్తే, వర్షం వచ్చి హాలు సగమే నిండిన రోజున కూడా బృందానికి అనుకున్న పారితోషికం అందుతుంది. మెలోడీ బయానాతో పోటీపడగలిగేది ముందుగా తెలిసిన రాబడే తప్ప పొగడ్త కాదు.

తేదీల విషయంలో మన పంచాంగాన్ని వాడుకోండి. ఆషాఢం, భాద్రపదం, పుష్యమాసాల్లో మనవాళ్ళు ముహూర్తాలు పెట్టరు కనుక ఆ రోజుల్లో బ్యాండు మేళం వారికి చేతినిండా పని ఉండదు. పెద్ద కార్యక్రమాలను, కొత్త పాటల సాధనను అప్పుడే పెట్టుకోండి. వేళ కూడా ముఖ్యం. కొలంబియాలోని కాలి నగరంలో వియెహొతేకా అని, ముఖ్యంగా ఆదివారం మధ్యాహ్నాలు పెద్దవయసువారు పాత సల్సా పాటలకు ఆడే కూడికలు 1990ల నుండి జరుగుతున్నాయి. కుటుంబాలతో రావాలనుకునే మన ఊళ్ళకు రాత్రి కంటే ఆ వేళే అనుకూలం. ఎలాగూ 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడకూడదు. ఇతరుల స్వరరచనలను బహిరంగ కార్యక్రమంలో వాయించేటప్పుడు పాటల రచయితలు, స్వరకర్తల హక్కులను చూసే ఐపీఆర్‌ఎస్ సంస్థ అనుమతి గురించి ముందుగానే విచారించుకోండి. బృందం సొంత పాటలు కట్టుకుంటే ఆ ఖర్చు తగ్గడమే కాక, ఊరికి తనదైన పాట దక్కుతుంది.

అర్జీలను నేను తక్కువచేసి మాట్లాడను. 2011లో అమెరికాలో గ్రామీ పురస్కారాల విభాగాలను 109 నుండి 78కి కుదించినప్పుడు లాటిన్ జాజ్ విభాగం కూడా పోయింది. బాబీ సనాబ్రియా మొదలైన సంగీతకారులు ఊరుకోకుండా నిరసన తెలిపి, న్యాయస్థానానికి కూడా వెళ్ళారు. 2012లో ఆ విభాగాన్ని తిరిగి ప్రకటించారు. కాని వారి వెనుక అప్పటికే సంఘటితమైన బలగం ఉంది. మీరు కూడా చందాదారుల జాబితా చేతిలో ఉన్న తరువాతే హాలు అద్దె తగ్గించమని వెళ్ళండి. అప్పుడు ఆ కాగితానికి విలువ ఉంటుంది.

ప్రశ్నించినవారు

మీ ముగ్గురికీ మనఃపూర్వక ధన్యవాదాలు. ఇద్దరు నృత్య శిక్షకులతో మాట్లాడాను. ఒకరు వెంటనే ఒప్పుకున్నారు. మరొకరు, లయ మారితే విద్యార్థులు బెదిరిపోతారని సందేహిస్తున్నారు. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు ఒక కల్యాణ మండపం దొరికే అవకాశం ఉంది. బృందాన్ని వేదిక మీద కూర్చోబెట్టాలా, వద్దా అన్నది మాత్రం తేల్చుకోలేకపోతున్నాము.

జవాబు: రాయగడ నుండి నృత్య శిక్షకురాలు

వేదిక వద్దండీ. బృందాన్ని కిందనే, ఆడేవారి ఎదుట కూర్చోబెట్టండి. కొంగా వాయించే అమ్మాయికి అందరి పాదాలు కనిపించాలి. జతలు వెనకబడుతున్నాయో, ఉరకలు వేస్తున్నాయో చూసి ఆమె లయను పట్టి ఉంచగలుగుతుంది. తివాచీ తీయించి, కుర్చీలను మూడువైపులా గోడవారగా వేయించండి. సందేహిస్తున్న శిక్షకుడిని మొదటి రెండు పాటలకు లయ నిర్ణయించమని అడగండి. తాను చెప్పిన వేగానికే బృందం వాయిస్తుందని చూసిన తరువాత ఆయన భయం చాలావరకు తీరిపోతుంది. మా విద్యార్థులలో కొందరు రావడానికి సిద్ధంగా ఉన్నారు. తేదీ ఖాయం కాగానే తెలియజేస్తే ముందురోజే బయలుదేరి వస్తాము, మా చందా కూడా అప్పుడే కడతాము.