మూఢం వచ్చింది, తీరిక దొరికింది, కథ మాత్రం రావడం లేదు

బటర్‌పేపర్ (రాజమండ్రి):

నేను డీటీపీ ఆపరేటర్‌ని. పదమూడేళ్ళుగా ఒక చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సులో పెళ్ళిపత్రికలు, ఓణీల ఫంక్షను కార్డులు, పెద్దకర్మ కార్డులు, ఎరువుల దుకాణాల బిల్లు పుస్తకాలు కంపోజ్ చేస్తున్నాను. కథలు కూడా రాస్తాను. ఇప్పటికి ఇరవై రెండు అచ్చయ్యాయి. వాటిలో చాలావరకు పాడైపోయిన ప్రూఫు కాగితాల వెనుక రాసినవే. ముందువైపు ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’ అని ఉంటుంది. వెనుకవైపు నా కథలో ఎవరో ఒకరు ఇల్లు వదిలి వెళ్ళిపోతూ ఉంటారు.

సీజనులో మధ్యాహ్నం అన్నానికి అరగంట ఇస్తారు. పది నిమిషాల్లో తినేసి, మిగిలిన ఇరవై నిమిషాలు రాసేదాన్ని. రాసినంతసేపూ ఒకటే ఏడుపు: కాస్త తీరిక ఉంటేనా, నేనెక్కడ ఉండేదాన్ని! సరే, ఇప్పుడు శుక్రుడు సూర్యుడి చాటుకు పోయాడు. ముహూర్తాలు లేవు, కార్డులు లేవు. నాలుగింటికే ఇంటికి పంపేస్తున్నారు. (జీతం కూడా ఆ మేరకే, అది వేరే సంగతి.) మూడు వారాలుగా రోజూ నాలుగున్నరకు కొత్త నోటుపుస్తకం తెరుచుకుని కూర్చుంటున్నాను. రాసింది పదకొండు వాక్యాలు. కొట్టేసింది తొమ్మిది.

రాయలేకపోవడం ఒక్కటే అయితే ఇక్కడ అడిగేదాన్ని కాదు. ఏది చూసినా వాక్యమైపోతోంది. ఎదురింటి మామ్మగారు డాబా మీద గుమ్మడి వడియాలు పెడుతుంటే హాయిగా చూస్తూ నిలబడవచ్చు కదా. నిలబడలేను. ఆవిడ వేళ్ళు పిండిలోంచి పైకి రాకముందే నా లోపల కంపోజింగ్ మొదలైపోతుంది. టీ తాగుతుంటే టీ మీద వాక్యం. వాన పడితే సరేసరి. మొన్న మా అబ్బాయి, పదో తరగతి చదువుతున్నాడు, లెక్కల్లో మార్కులు తక్కువ వచ్చాయని నా పక్కన కూర్చుని ఏడ్చాడు. నేను వాడి తల నిమురుతూనే ఉన్నాను. ఉన్నట్టుండి తలెత్తి నా మొహంలోకి చూసి, “అమ్మా, ఇది కూడా రాస్తావా?” అన్నాడు.

అబద్ధం చెప్పాను.

అడిగేది ఇదీ: రాసేవాళ్ళకు రాతతో సంబంధం లేని సంతోషాలు, చిన్నవైనా సరే, ఏమైనా మిగులుతాయా? ఇల్లు, ఉద్యోగం, రాత ఈ మూడింటినీ మీరెలా సర్దుకొస్తున్నారు? తెల్లవారుజామున లేచి ధ్యానం చేయమని చెప్పేవారికి ముందే ఒక నమస్కారం. తెల్లవారుజామున లేస్తే మా వీధిలో కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకోవాలి.

పాత ప్రూఫ్‌రీడర్ (విజయవాడ):

అమ్మా, నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఒక పత్రికలో రాత్రి డ్యూటీలో ప్రూఫులు దిద్దాను. రిటైరైన మర్నాడే నవల మొదలుపెడతానని చుట్టాలందరికీ చెప్పుకున్నాను. మా ఆవిడ ముచ్చటపడి రాతబల్ల కూడా కొన్నది. ఏడు నెలలపాటు ఆ బల్ల మీద మందుల డబ్బా, కరెంటు బిల్లులు తప్ప మరేమీ లేవు. కాబట్టి మీ పదకొండు వాక్యాలను తక్కువ చేసుకోకండి. నావి సున్నా.

అప్పుడు నన్ను నిలబెట్టింది మీ ఊరి పెన్నే. రత్నం వారి ఎబొనైట్ పెన్ను. 1932 నుంచి మీ ఊళ్ళో చేస్తున్నారు, 1935లో గాంధీగారు ఉత్తరం రాసి మెచ్చుకున్నారు, మీకు నేను చెప్పేదేముంది. రబ్బరును గంధకంతో కాచి గట్టిపరిచిన కడ్డీని లేతు మీద తిప్పి చేస్తారు. లోపల రీఫిల్లు, గొట్టం ఏమీ ఉండవు. సిరా డ్రాపరుతో నేరుగా పెన్ను కడుపులోకే పోయాలి.

ఆదివారం ఉదయం కాఫీ అయ్యాక దాన్ని విప్పుతాను. ఒక తెల్ల గిన్నెలో చల్లటి నీళ్ళు పోసి పాళీని, దాని కింద ఉండే నల్లటి ముక్కను అందులో వేస్తాను. సిరా వెంటనే కరగదు. ముందు సన్నటి దారంలా కిందికి దిగుతుంది, గిన్నె అడుగుకు తగిలాక పొగలా విచ్చుకుంటుంది. నీళ్ళు మూడుసార్లు మార్చాలి. చివరిసారి నీళ్ళు తేటగా ఉంటే, పాత పంచె ముక్క మీద ఆరబెట్టడం. మొత్తం నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ నాకు ఒక్క అక్షరం గుర్తుకు రాదు. ముప్పై ఏళ్ళు కనిపించిన ప్రతి కాగితంలో తప్పులు వెతికినవాడికి, ఆ గిన్నెలో దిద్దవలసింది ఏదీ లేకపోవడం ఎంత సుఖమో మీకు తెలుస్తుందనుకుంటాను.

ఈ పెన్నుకు ఒక చెడ్డ గుణం కూడా ఉంది. సిరా అడుగంటుతుంటే, చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి మిగిలిన సిరాను బయటికి తోస్తుంది. రాస్తున్న కాగితం మీద ఇంత చుక్క పడుతుంది. పూర్తిగా అయిపోయాక నింపుదాంలే అనుకునేవాణ్ణి. నాలుగు చొక్కాలు పోయాక, సగం ఉండగానే నింపడం నేర్చుకున్నాను. ఇందులో మీకు ఏదైనా పోలిక కనిపిస్తే దయచేసి వాడుకోకండి, నా నవలకు అట్టిపెట్టుకున్నాను.

నవల నూట నలభై పేజీలు అయింది. బల్ల మీద కాదు, వంటింటి గడప దగ్గర పీట వేసుకుని.

అటక మీది కథకుడు (వరంగల్):

చిన్న చిన్న సంతోషాలు అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది, ఏమీ అనుకోకండి. ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ పొద్దున్నే ఒక చామంతి పువ్వు, దాని కింద ఆ మాట. నేను నా కథల సంపుటి సొంత డబ్బుతో 500 కాపీలు వేశాను. నూట అరవై సంతకాలు పెట్టి పంచాను, నలభై అమ్ముడుపోయాయి, మిగిలిన మూడు వందలు అటక ఎక్కాయి. మా అత్తగారు ఆ కట్టల మీద ఆవకాయ జాడీ పెట్టారు. ఇన్నాళ్ళకు జాడీ కదలకుండా నిలబడిందని ఆవిడకు ఎంతో సంతోషం. సంతోషమే, కాదనను. నాది కాదు, అంతే.

మీ ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో చెబుతాను: తీరికలో రాయకండి. నేను సహకార బ్యాంకులో క్యాషియర్‌ని. సెలవు రోజున పనికొచ్చే పేరా ఒక్కటి కూడా రాయలేదు. కౌంటరు ముందు వరుస ఉన్నప్పుడు ఓచరు వెనుక గీకిందే నిలబడింది. పక్కింటి గోడ ఎక్కి కోసిన జామకాయ రుచి మన పెరట్లో కాసిన కాయకు వస్తుందా? మీ కథలు ఆ అరగంట అన్నంలోంచి దొంగిలించినవి. ఇప్పుడు మీ ప్రెస్సు వాళ్ళు సాయంత్రమంతా పళ్ళెంలో పెట్టి ఇచ్చేశారు, ఇక దొంగిలించడానికేముంది?

అందుకని ఆ కొత్త నోటుపుస్తకం మూసేయండి. రోజూ నాలుగున్నరకు తప్పించుకోలేని పని ఏదైనా నెత్తిన వేసుకోండి. చిరాకు పుట్టించేదైతే మరీ మంచిది. కందిపప్పులో రాళ్ళు ఏరండి.

ప్రూఫ్‌రీడర్ గారి పెన్ను బాగుంది. నాది ఐదు రూపాయల బాల్‌పెన్ను, కడగనక్కరలేదు.

వేటపాలెం కోడలు:

అందరూ రాత గురించి మాట్లాడారు. నేను మీ అబ్బాయి మాట దగ్గరే ఆగిపోయాను. మా అమ్మాయి తన రహస్యం ఒకటి నా కథలో చదువుకుని రెండు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. పేరు మార్చాను, ఊరు మార్చాను, చేతి గాజుల రంగు మార్చడం మరిచిపోయాను. అప్పటినుంచి మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది: రాత్రి అన్నాల దగ్గర విన్నది నేను రాయను. మిగతా రోజంతా నా ఇష్టం. (ఈ సంగతి తెలిశాక మా ఆయన చెప్పవలసినవన్నీ అన్నాల దగ్గరే చెబుతున్నారు.) మీ వాడికి నిజం చెప్పేయండి. పిల్లలు నిజానికి అంత కోపం తెచ్చుకోరు.

నా సంతోషం మా ఊరి సారస్వత నికేతనం. 1918 నాటి గ్రంథాలయం. వారానికి ఒక మధ్యాహ్నం వెళ్ళి పాత పత్రికలు తిరగేస్తాను. కథలు చదవను, ప్రకటనలు మాత్రమే. జుట్టు నూనెలు, బలం మందులు, గడియారాలు. ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే అంతకుముందు, 1893లో, అమృతాంజనం మొదలుపెట్టారు కదా. తలనొప్పి మందు అమ్మిన చేత్తోనే పత్రిక నడిపిన మనిషి మరెక్కడైనా ఉన్నారేమో నాకు తెలియదు, నాకు మాత్రం తలచుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది. అక్కడికి వెళ్ళేటప్పుడు పెన్ను తీసుకెళ్ళను.

కొత్త పాళీ:

నాకు ఇరవై మూడేళ్ళు. ఒక్క కథా అచ్చు కాలేదు. మీవి ఇరవై రెండు అచ్చయ్యాయని చదివి అరగంట అసూయపడ్డాను, తర్వాత లేచి చాలా రోజులకు మూడు పేజీలు రాశాను. ఇది ఏ కోవలోకి వస్తుందో పెద్దలు చెప్పాలి.

బటర్‌పేపర్ (రెండు వారాల తర్వాత):

అందరికీ నమస్కారం. ఆలస్యమైంది.

అటక మీది కథకుడు గారూ, ఇప్పటి ప్యాకెట్ కందిపప్పులో రాళ్ళు ఉండడం లేదండీ. కిలో పప్పు వెతికితే ఒక్కటి దొరికింది. అంతకన్నా చిరాకు పని నా దగ్గరే ఉందని తర్వాత గుర్తొచ్చింది. నా పాత కథలన్నీ ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్లలో ఉన్నాయి. వాటిని ఫోన్లలోనూ నెట్‌లోనూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చడం మొదలుపెట్టాను. ఆ పని చేసినవాళ్ళకు తెలుసు, కన్వర్టరులో వేయగానే వత్తులు చెట్టుకొకటి పుట్టకొకటి అవుతాయి. ఒక కథలో ‘ఆ క్షణం నుంచి ఆమె మారిపోయింది’ అన్న వాక్యం ‘ఆ కణం నుంచి ఆమె మారిపోయింది’ అయి కూర్చుంది. దిద్దబోయి ఆగాను. నిజానికి రెండోదే కొంచెం నయంగా ఉంది. రోజుకు నాలుగు పేజీలు దిద్దుతున్నాను, కొత్తగా ఏమీ రాయడం లేదు, పెద్దగా దిగులు కూడా లేదు.

ప్రూఫ్‌రీడర్ గారూ, మా ఊరి పెన్ను నా దగ్గర లేదని చెప్పడానికి సిగ్గుగా ఉంది. మా ప్రెస్సు యజమాని సొరుగులో ఒకటి ఎండిపోయి పడి ఉంటే అడిగి తెచ్చాను. మూడు గిన్నెల నీళ్ళకు లొంగలేదు. తొమ్మిది పట్టింది. ఎన్నేళ్ళ నాటి సిరానో, నీలం అయిపోయాక ఎరుపు కూడా వచ్చింది. మామ్మగారు డాబా మీదినుంచి చూసి “ఏమిటమ్మా, గోరింటాకా?” అని అడిగారు.

అబ్బాయి సంగతి. ఆదివారం పొద్దున్నే వాణ్ణి పుష్కర ఘాటుకు తీసుకెళ్ళాను. మంచు ఇంకా విడలేదు. మెట్ల మీద కూర్చుని, ఆ రోజు నువ్వు ఏడుస్తుంటే రాయాలనిపించిన మాట నిజమేనని చెప్పాను. వాడేమీ అనలేదు. పాత హేవలాక్ వంతెన వైపు చూస్తున్నాడు. 1900లో మొదలై 1997 దాకా దాని మీద రైళ్ళు నడిచాయి. చిన్నప్పుడు మా నాన్నతో ప్యాసింజరులో వెళుతూ పావలా బిళ్ళ గోదావరిలోకి విసిరానని, అది నీళ్ళలో పడిందో, దూలాల మధ్య ఎక్కడైనా ఆగిపోయిందో తెలియక ఆ రోజంతా దిగులుపడ్డానని చెప్పాను. వాడు వెంటనే, “వంతెన నీళ్ళకు ఎంత ఎత్తు? రైలు వేగం ఎంత?” అని వేళ్ళ మీద లెక్క కట్టడం మొదలుపెట్టాడు. లెక్కల్లో మార్కులు తక్కువ వచ్చినవాడు! తిరిగి వస్తుంటే వాడే అన్నాడు: “రాస్తే రాసుకో. పేరు మార్చు, మార్కులు పెంచు.”

రాయలేదు. రాయకూడదనే అనుకున్నాను. ఇదంతా ఇక్కడ రాసేశానని ఇప్పుడే తట్టింది.

మూఢం పోవడానికి ఇంకా రోజులున్నాయి కానీ, ఆ తర్వాతి ముహూర్తాల వాళ్ళు అప్పుడే కార్డులకు వస్తున్నారు. ఇందాక ఒకాయన ప్రూఫు తిరిగి తెచ్చారు. వియ్యంకుడి ఇంటిపేరులో దీర్ఘం పోయిందట, ఇంకా పెళ్ళి కాకముందే గొడవ. దిద్ది కొత్తది ఇచ్చాను. పాడైన కాగితం నా దగ్గరే ఉంది. అన్నానికి ఇంకా పది నిమిషాలుంది.