‘ద రైడర్’ నిదానం: కథకు అవసరమా, ఎడిటింగ్ లోపమా?

రెండో_ఆట:
క్లోయీ జావ్ 2017లో తీసిన ఈ సినిమా నిడివి 104 నిమిషాలు. అమెరికాలో దక్షిణ డకోటాలోని పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో (అక్కడి ఆదివాసులకు కేటాయించిన ప్రాంతం) లకోటా తెగ కుర్రాడు బ్రేడీ. రోడియోలో, అంటే ఎగిరిదూకే గుర్రాలు, ఎద్దుల మీద నిలిచే పోటీలో, గుర్రం అతని తల తొక్కింది, పుర్రె పగిలింది, ఇక ఎక్కొద్దన్నారు డాక్టర్లు. మళ్లీ ఎక్కుతాడా, మానేస్తాడా అన్నదే కథ. అది మొదటి అరగంటకే అర్థమైపోతుంది. తర్వాత అవే మైదానాలు, అవే సాయంత్రాలు. రోడియో మీద సినిమా అని చెప్పి రోడియోనే చూపించకపోతే ఎలా? నా లెక్కలో ఇది ఎడిటింగ్ లోపం. కాదంటే ఎందుకో చెప్పండి.

కళ్లెం:
కాదనే అంటాను. ముందు ఆ ఆట సంగతి చూడండి. బ్రేడీ పోటీ శాడిల్ బ్రాంక్, అంటే జీను వేసిన ఎగిరే గుర్రం మీద సవారీ. అందులో రౌతు నిలవాల్సింది 8 సెకన్లు. గుర్రం నోట్లో ఇనుము ఉండదు. ముట్టెతాడుకు కట్టిన పేనిన పగ్గం ఒక్కటే, అదీ ఒంటిచేత్తో పట్టుకోవాలి. రెండో చెయ్యి గుర్రానికో, జీనుకో, తన ఒంటికో తగిలితే మార్కులు లేవు. గేటు తీశాక మొదటి దూకులో గుర్రం ముందుకాళ్లు నేలకు ఆనేసరికి రౌతు మడమలు దాని భుజాల పైన ఉండాలి. మొత్తం 100 మార్కుల్లో సగం రౌతువి, సగం గుర్రానివి.

అంటే పగ్గం పట్టుకోవడం ఎంత ముఖ్యమో, పడేటప్పుడు వదలడం అంత ముఖ్యం. బ్రేడీకి పోయింది ఆ వదలడమే. తలదెబ్బతో వచ్చే ఫిట్స్‌కి చెయ్యి బిగుసుకుపోతుంది. రెండో చేత్తో వేళ్లు విడదీసుకోవాలి. గుర్రం మీంచి జారుతూ ఆ చెయ్యి తెరుచుకోకపోతే నేరుగా డెక్కల కిందికే. ఇది తెలిసి చూస్తే, మామూలు గుర్రం పగ్గం పట్టుకున్న ప్రతిసారీ ఆ పిడికిలి మీదే కన్ను ఉంటుంది. అరగంటకే తేలిపోయిందనడం అందుకే ఒప్పుకోను.

ఇక మచ్చిక చేసే సీను. దగ్గరికి వెళ్తాడు, గుర్రం బెదిరిన చోట ఆగుతాడు, అది చెవి ఇటు తిప్పగానే ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ఆ వెనకడుగే దానికి బహుమానం. గింజుకుంటున్నప్పుడు వెనక్కి తగ్గితే, గింజుకుంటే వదిలేస్తారని నేర్చుకుంటుంది. ఆ పాత్ర వేసిన బ్రేడీ జాండ్రోకి నటన వృత్తి కాదు, గుర్రాలను మచ్చిక చేయడం అతని అసలు పని. దాన్ని అర నిమిషం ముక్కలుగా కోస్తే గుర్రం లొంగిందని తెలుస్తుంది, ఎలా లొంగిందో తెలియదు.

కత్తెర_పని:
ఆ సీను నేనూ ముట్టుకోను. మొదట్లో బ్రేడీ తన తలకట్టుకు వేసిన పిన్నులను చాకుతో పైకి లేపి పీక్కుంటాడు చూడండి, అదీ ఉండాలి. నొప్పి, మొండితనం, ఆస్పత్రి మీద విసుగు, అన్నీ మాట లేకుండానే వచ్చేశాయి. జీను తాకట్టు పెట్టబోయి మనసు మార్చుకునే సీనూ అంతే.

తేడా వచ్చేది ఆకాశం ముందు ఒంటరిగా నిలబడే షాట్లతో. మొదటిసారి అర్థముంది, మూడోసారికి కొత్త కబురేమీ లేదు. తీసేసి చూడండి, తర్వాతి సీను అర్థం మారదు. మారకపోతే అది అక్కర్లేనిదే. అలాంటివి ఏడెనిమిది నిమిషాలుంటాయి. కానీ ప్రతి షాట్‌కీ రెండేసి సెకన్లు చెక్కితే మాత్రం మచ్చిక సీను లయ కూడా పోతుంది. తీస్తే సీను మొత్తం తీయాలి.

వాన_మబ్బు:
బ్రేడీ స్నేహితుడు లేన్ స్కాట్ సంగతి ఎవరూ ఎత్తలేదే! సినిమాలో తన పాత్ర తనే వేశాడు. మాట పోయి, ఒంటిచేతి వేళ్లతో అక్షరాలు చూపిస్తాడు. అతన్ని జీను మీద కూర్చోబెట్టి బ్రేడీ పగ్గాలు అందించే సీనుకు ఎంత సమయమిచ్చినా తక్కువే. నా అభ్యంతరం వేరు. అతనికి నిజంగా జరిగింది కారు ప్రమాదం, సినిమా మాత్రం ఎద్దు సవారీలో జరిగిందన్నట్టు చూపిస్తుంది. పేరు, శరీరం, పాత వీడియోలు అతనివే వాడుకుంటూ కారణం మార్చడం నాకు తప్పుగానే కనిపిస్తుంది. నిదానం కన్నా పెద్ద లోపం ఇదే.

కళ్లెం:
పాత్రల ఇంటిపేరు బ్లాక్‌బర్న్ కదండీ, డాక్యుమెంటరీ అని ఎవరూ చెప్పలేదు. లేన్ కథ బ్రేడీకి ఎదురుగా నిలబడ్డ హెచ్చరిక, దానికి రోడియోతో ముడి ఉండాలి.

వాన_మబ్బు:
బ్రేడీ ఇంటిపేరు మార్చారు సరే. లేన్‌ని లేన్‌గానే ఉంచారుగా. ఆ ఒక్క పేరు మార్చి ఉంటే నాకు పేచీ లేదు.

రెండో_ఆట:
పిడికిలి సంగతి ఒప్పుకుంటున్నాను కళ్లెం గారూ, ఆ దృష్టితో చూడలేదు. కానీ బ్రేడీ గుర్రం అపోలో ముళ్లకంచెలో కాలు చీల్చుకున్నాక, దాన్ని చంపాల్సి వచ్చిన సీను ఉంది కదా. దెబ్బతిన్న గుర్రాన్ని కాల్చేస్తారు, మనిషైతే బతకాల్సిందే అని బ్రేడీ తర్వాత చెల్లెలితో విడమర్చి చెప్పేస్తాడు. మాట లేకుండా చూపించే సినిమా అని మీరిద్దరూ అంటున్నారు, మరి ఆ మాట ఎందుకు?

కత్తెర_పని:
అది మాత్రం ఉంచాలి. వింటున్నది చెల్లెలు లిల్లీ, ఆ అమ్మాయికి విడమర్చే చెప్పాలి. పైగా తన గురించి అతను నోరు తెరిచేది అక్కడే. ముందున్న ఆకాశం షాట్లు తీసేస్తే ఆ మాటకు ఇంకా బలం వస్తుంది.